సోర్సులు లేవన్న మాటకు సోర్సేది?

పోయిన భాగం చదివి చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకటే అడిగారు. "కులం మీద రీసెర్చ్ చేయమంటున్నావు సరే అన్నా, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పు" అని. మెథడాలజీ పుస్తకాలు మీ లైబ్రరీల్లో బీరువాల నిండా ఉన్నాయి, వాటిలో ఉన్నది నేను మళ్ళీ చెప్పను. ఒక చెల్లెమ్మ సంగతి చెప్తాను. నా సంగతి కూడా కొంచెం చెప్పుకోవాల్సి వస్తుంది, అది అంత గొప్పగా ఉండదు.

పోయిన ఏడాది దసరా సెలవులకి ముందు ఒక రాత్రి ఫోన్ వచ్చింది. పీహెచ్‌డీ మొదటి ఏడాది, చరిత్ర శాఖ, ప్రకాశం జిల్లా పల్లె పిల్ల. పేరు, యూనివర్సిటీ అడక్కండి. "అన్నా, గైడ్ గారు టాపిక్ మార్చుకోమంటున్నారు. దీనికి సోర్సులు లేవంటున్నారు" అంది.

"ఎక్కడెక్కడ వెతికి లేవన్నారమ్మా?" అని అడిగా.

కాసేపు మాట్లాడలేదు. "ఆయన వెతకలేదన్నా. నేను కూడా వెతకలేదు."

ఆ రెండో మాట నిజాయితీగా చెప్పింది కాబట్టే ఆ అమ్మాయితో ఇన్ని నెలలు కూర్చున్నాను.

మన పిల్లలు టాపిక్ పట్టుకెళ్ళగానే "సోర్సులు లేవు" అనడం యూనివర్సిటీల్లో కొత్త కాదు. జమీందారీల మీద, దేవాలయాల మీద, రాజవంశాల మీద చేస్తానంటే సోర్సులు ఉంటాయి. మాలపల్లె మీద, మాదిగవాడ మీద అంటే ఉండవు. కానీ "లేవు" అనేది కూడా ఒక వాదనే కదా. మిగతా అన్ని వాదనలకీ రుజువు అడిగే సార్లు ఈ ఒక్క వాదనకి మాత్రం రుజువు చూపించరు. అందుకని ఎవరైనా ఆ మాట అంటే గౌరవంగా అడగండి: సార్, ఏ ఆర్కైవ్స్‌లో, ఏ కట్టలో, ఏ పేరుతో వెతికితే లేదన్నారు?

ఏ పేరుతో అన్నది ఊరికే అనలేదు. మనవాళ్ళు చేసే మొదటి తప్పు అక్కడే. 1920ల నాటి మద్రాసు ప్రభుత్వ రికార్డుల్లో "దళిత" అని వెతికితే ఏం దొరుకుతుంది? ఆ కాగితాల్లో మనం పంచములం. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచమ సభ పేరుతో పిలిచిన ఆ సభే, పంచమ అనే మాట మాకొద్దని ఆది ఆంధ్ర అనే పేరు తీసుకుంది. 1922 తర్వాత మద్రాసు ప్రభుత్వ కాగితాల్లోకి కూడా ఆ పేరు ఎక్కింది. నిజాం రాజ్యంలో ఆది హిందువులం. ఇంగ్లీషు రిపోర్టుల్లో డిప్రెస్డ్ క్లాసెస్. 1930ల నుంచి హరిజనులం. 1935 చట్టం నుంచి షెడ్యూల్డ్ కులాలం. ఒకే వాడకి ఇన్ని పేర్లు పెట్టి, ఒక్క పేరుతో వెతికి, దొరకలేదని వెనక్కొస్తే తప్పు కాగితానిది కాదు. ఊళ్ళ పేర్లూ అంతే. చుండూరు అని రాస్తారు, త్సుండూరు అని రాస్తారు, ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులు. అన్నీ వేసి చూడాలి.

ఇప్పుడు నా సంగతి. ఇరవై ఏళ్ళ కింద ఎం.ఫిల్‌లో ఉన్నప్పుడు సెమినార్‌లో కారంచేడు మీద పేపర్ చదివాను. చదవడం కాదు, ఊగిపోయాను. అయిపోయాక ఒక ప్రొఫెసర్ చెయ్యెత్తి "బాబూ, ఉపన్యాసం బాగుంది. పేపర్ ఎప్పుడు చదువుతావు?" అన్నాడు. హాలంతా నవ్వింది. నాకంటే ముందు చదివినవాడి పేపర్‌లో నాకే నాలుగు తప్పులు కనిపించాయి, వాడిని చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎందుకో నేను చెప్పాల్సిన పని లేదు.

ఆ రాత్రి హాస్టల్ రూంలో ఆయన్ని తిట్టుకుంటూనే పేపర్ తీసి మళ్ళీ చూశా. పదకొండు పేజీలకి రెండే ఫుట్‌నోట్లు. అందులో ఒకటి ఏదో సభ కరపత్రం. చనిపోయినవాళ్ళ సంఖ్య మూడో పేజీలో ఆరు అని ఉంది, తొమ్మిదో పేజీలో ఎనిమిది అని ఉంది. 1985 జూలై 17న కారంచేడులో చంపింది ఆరుగురిని. ఎనిమిది మందిని చంపింది 1991 ఆగస్టు 6న చుండూరులో. ఆవేశంలో రెండు ఊళ్ళ శవాలు కలిపేశాను. ఆ ప్రొఫెసర్ నవ్వింది కులంతోనే, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ ఆయన చేతికి ఆ అవకాశం ఇచ్చింది నేనే. మన చచ్చిపోయినవాళ్ళని నేనే సరిగ్గా లెక్కపెట్టుకోలేదు.

ఆ సిగ్గుతోనే వేటపాలెం వెళ్ళాను. చీరాల పక్కన సారస్వత నికేతనం, 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలకి పేరు. కారంచేడు అక్కడికి ఎంతో దూరం లేదు. మా ఊళ్ళకి ఇంత దగ్గర్లో ఇంత కాగితం ఉందని డిగ్రీలో ఒక్క లెక్చరర్ కూడా మాకు చెప్పలేదు. కట్టలు విప్పుకుంటూ, తుమ్ముకుంటూ మూడు రోజులు కూర్చున్నా. తర్వాత హైదరాబాద్ బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్. నోట్సు పెరిగేకొద్దీ ఒకటి అర్థమైంది. ఒక పత్రిక ఆ రోజు జరిగినదాన్ని ఘర్షణ అంది. పౌరహక్కుల వాళ్ళ రిపోర్టు దాడి అంది. చెరువు దగ్గర గొడవ అని ఒకరు రాశారు, అంటే మున్నంగి సువార్త బిందె ఎత్తిన దగ్గర కథ మొదలు. అదే ఏడాది బాలగోపాల్ ఇపిడబ్ల్యూలో రాసిన వ్యాసం కథని అక్కడ మొదలుపెట్టదు. డెల్టా నీళ్ళతో బలిసిన కొత్త ధనిక వర్గం దగ్గర, అప్పుడే గద్దెనెక్కిన తెలుగుదేశం రాజకీయం దగ్గర మొదలుపెడుతుంది. చీరాల శిబిరంలో ఉండి విజయనగర్ కాలనీలో స్థిరపడ్డ ముసలమ్మలని అడిగితే ఇంకో చోట మొదలుపెడతారు. కూలి రేట్ల దగ్గర, ఓట్ల దగ్గర, తాము కొత్త చీర కడితే ఊరి మొహం ఎట్లా మారేదో అక్కడ.

ఇన్ని కాగితాలు ఒకే మాట చెప్పి ఉంటే నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు. అవి ఒకదానితో ఒకటి గొడవ పడుతున్నాయి కాబట్టే పని ఉంది. మిత్రులారా, ఈ భాగంలో నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఇంతే. రెండు సోర్సులు కొట్టుకునే చోట మీ ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నకి మీరిచ్చే జవాబు థీసిస్. మన దగ్గర థీసిస్ అంటే బైండింగ్ చేయించి గైడ్ గారి టేబుల్ మీద పెట్టే లావుపాటి పుస్తకం అనుకుంటారు. కాదు, ఆ పుస్తకం మొత్తం మోసే ఒక్క వాక్యం అది. ఎవరైనా కాదని వాదించడానికి వీలుండే వాక్యం అయ్యుండాలి. "దళితులపై దాడులు దారుణం" అన్నది థీసిస్ కాదు. దాన్ని సభలో కాదనేవాడు ఎవడూ ఉండడు, చేసేవాడు కూడా కాదనడు.

చుండూరునే చూడండి. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అవే శవాలు, అవే సాక్షులు, అదే రికార్డు. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒక చోట నమ్మిన సాక్షి ఇంకో చోట ఎందుకు నమ్మదగినవాడు కాకుండా పోయాడు? పోలీసులకి ఆలస్యంగా చెప్పారన్న మాటకి ఒక్కో జడ్జి ఏ అర్థం ఇచ్చాడు? ప్రాణభయంతో పారిపోయిన మనిషి నుంచి చట్టం ఎట్లాంటి జ్ఞాపకశక్తి ఆశిస్తుంది? ఇది ఒక పీహెచ్‌డీకి సరిపడా ప్రశ్న. తీర్పులు ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. లా చదివే తమ్ముళ్ళు ఎందుకు పట్టుకోరో నాకు అర్థం కాదు.

"అన్నా, ఇదంతా వాళ్ళ పద్ధతి, మన అనుభవమే మన సోర్స్" అనే యాక్టివిస్టు మిత్రులున్నారు. వాళ్ళకి బాబాసాహెబ్‌నే చూపిస్తాను. 1916 మే 9, కొలంబియా యూనివర్సిటీ, గోల్డెన్‌వైజర్ గారి సెమినార్. పాతికేళ్ళ విద్యార్థి పేపర్ చదివాడు, భారతదేశంలో కులాల మీద. సతారా బళ్ళో గోనెపట్టా మీద ఎట్లా కూర్చున్నాడో చెప్పి ఆ హాలుని ఏడిపించగలడు. ఆ పేపర్‌లో అది చేయలేదు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేట్కర్ అని నలుగురు పెద్దలు కులానికి ఇచ్చిన నిర్వచనాలు ముందు పెట్టాడు. ఒక్కొక్కటీ ఎక్కడ తక్కువ పడిందో చూపించాడు. కేట్కర్ రెండు లక్షణాలుగా చెప్పినవి నిజానికి ఒకే నాణేనికి రెండు వైపులన్నాడు. తర్వాత తన వాక్యం చెప్పాడు: కులానికి ప్రాణం సొంత కులంలోనే పెళ్ళి చేసుకోవాలన్న కట్టుబాటు. ఆ ఒక్క వాక్యం నుంచే సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం ఎందుకు పుట్టాయో లాక్కుంటూ వచ్చాడు. మిగిలిపోయిన ఆడదాన్ని, మిగిలిపోయిన మగవాణ్ణి ఏం చేయాలన్న లెక్క అది. చివర్లో, నా మాట తప్పని తేలితే వదులుకోవడానికి సిద్ధమని కూడా అన్నాడు. మరుసటి ఏడాది ఇండియన్ ఆంటిక్వరీలో అచ్చయింది. అనుభవం లేక అట్లా రాశాడా? ఆయనకి ఆ ప్రశ్న పుట్టించింది అనుభవమే. కానీ జవాబుని ఎవడూ కొట్టిపారేయలేని చోట నిలబెట్టాడు. మనం ఆయన ఫోటో పెట్టుకుంటాం, ఈ పేపర్ మాత్రం చదవం. పట్టుమని ముప్పై పేజీలు కూడా ఉండదు.

ఇంకో మాట. మనల్ని తక్కువ చేసి రాసిన కాగితాన్ని చూసి మొహం తిప్పుకోకండి. థర్‌స్టన్ 1909లో వేసిన ఏడు సంపుటాలు చదువుతుంటే ఒళ్ళు మండుతుంది. మండనీ, నోట్సు రాసుకోండి. ఒంగోలు బాప్టిస్టు మిషన్ క్లౌ దొర కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి పని చూపించాడు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మిషన్ పుస్తకాలకి అది దేవుడి విజయం. హిందూ పెద్దలకి అది గంజి కోసం మతం మార్పిడి. రెండు కథల్లోనూ మాదిగవాడు తనంతట తాను ఆలోచించిన మనిషి కాదు. మరి ఆయన భార్య ఎమ్మా క్లౌ 1899లో మాదిగల నోటి నుంచి విన్న కథలతో వేసిన పుస్తకం తీసి చూడండి, చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలని దాని పేరులోనే ఉంది. దొరసాని కలం సందుల్లోంచి మన తాతల గొంతు వినిపిస్తుంది. యెర్రగుంట్ల పేరయ్య క్లౌ దొరని కలవకముందే గురువుల కోసం తిరిగిన మనిషి. ఆ మనిషి ఏం వెతుక్కున్నాడు అని అడిగితే మిషన్ కథా మారిపోతుంది, గంజి కథా మారిపోతుంది.

సరే, చెల్లెమ్మ దగ్గరికొస్తా.

ఆమె సినాప్సిస్ మీద "ఆంధ్రప్రదేశ్‌లో దళితులు – భూమి సమస్య" అని ఉంది. దాన్ని చూసి గైడ్ కాదు, నేనైనా వద్దంటాను. అది టాపిక్ కాదు, ఒక మంత్రిత్వ శాఖ. "ఇదంతా పక్కన పెట్టు. మీ నాయనమ్మ భూమి గురించి ఏమంటది?" అని అడిగా. "ఇందిరమ్మ టైములో మూడెకరాలు పట్టా ఇచ్చారు, ఇప్పుడు లేదు అంటది అన్నా." "లేదంటే? అమ్మారా, లాక్కున్నారా, వదిలేశారా?" తెలియదు. నాయనమ్మని అడిగితే రోజుకో మాట చెప్తుందట. ఒకరోజు అమ్మలేదంటుంది, ఒకరోజు పెద్దోడి జబ్బుకి ఇచ్చామంటుంది.

"రోజుకో మాట" అని విసుక్కోవద్దన్నాను. రెండు మాటలూ తేదీ వేసి రాసుకోమన్నాను. సోర్సు అంటే అదే.

తర్వాత అడంగల్ తీయించింది. చూసినవాళ్ళకి తెలుసు, అడంగల్‌లో పట్టాదారు పేరుకి ఒక గడి, అనుభవదారు పేరుకి ఇంకో గడి ఉంటాయి. ఆమె తీసిన సర్వే నంబర్లలో చాలా చోట్ల పట్టాదారు గడిలో వాడ పేర్లు, అనుభవదారు గడిలో ఊరి పేర్లు. రెండు కాగితాలు కొట్టుకోవడం గురించి ఇందాక చెప్పాను, ఇక్కడ ఒకే కాగితంలో రెండు గడులు కొట్టుకుంటున్నాయి. అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు, అమ్మినా కొన్నా చెల్లదు. చెల్లనప్పుడు ఊరి పేరు ఆ గడిలోకి ఎట్లా వచ్చింది?

ఆ అమ్మాయి మొదట రాసిన వాక్యం: "దళితుల అసైన్డ్ భూములను అగ్రకులాలు ఆక్రమించుకున్నాయి." నిజమే కావచ్చు. కానీ ఎట్లా జరిగిందో ఆ వాక్యం చెప్పదు. 2006 నాటి కోనేరు రంగారావు భూ కమిటీ రిపోర్టు చదివింది. శోధ్‌గంగలో ఉన్న థీసిస్‌లు తెరిచి, వాటి వెనక పేజీల్లోని పుస్తకాల జాబితాలు పట్టుకుని ఇంకో పదిహేను తీసింది. (శోధ్‌గంగ నుంచి పేరాలు ఎత్తి అతికించే తమ్ముళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ గురించి ఇంకోసారి.) వాడలో ఇంటింటికీ తిరిగింది. నాలుగో నెలకి వాక్యం మారింది: "అమ్మకాన్ని చట్టం నిషేధించింది కాబట్టి మా ఊళ్ళో అమ్మకం కౌలు పేరుతో జరిగింది, అప్పు తీరని ప్రతి ఏడూ కౌలు ఇంకో ఏడు సాగి, చివరికి గడిలో పేరు మారింది." ఇప్పుడు దీన్ని ఎవరైనా కాదనొచ్చు, మా ఊళ్ళో అట్లా కాదు అని చూపించొచ్చు. అందుకే అది నిలబడింది. గైడ్ గారు చదివి సోర్సుల మాట ఎత్తలేదట, అడంగల్ కాపీలు అడిగారట.

అసలు కష్టం అప్పుడొచ్చింది. ఒక రోజు ఫోన్ చేసి చాలాసేపు వేరే ఏదేదో మాట్లాడింది. చివర్లో చెప్పింది. తొమ్మిది కుటుంబాల కౌలు కాగితాల మీద సాక్షి సంతకం ఒకరిదే. వాడ పెద్దమనిషిది, మనవాడిది. అంబేడ్కర్ విగ్రహం పెట్టించిన కమిటీలో ఉన్న మనిషి. ఊరివాళ్ళకీ వాడకీ మధ్య నడిచింది ఆయనే. "రాయాలా అన్నా? రాస్తే వాళ్ళు, చూడండి మీవాళ్ళే అమ్ముకున్నారు అంటారు. రాయకపోతే..."

ఈ మాట ఇద్దరు ముగ్గురు ఉద్యమ మిత్రులతో అన్నాను. ఇద్దరు రాయొద్దన్నారు. ఉద్యమానికి నష్టమన్నారు. నేను ఒప్పుకోను. అంత కాగితం వెలుపల ఉన్నప్పుడు అది రేపు ఎవడో ఒకడు తీస్తాడు, మనం దాచామని చూపిస్తాడు, అప్పుడు నాయనమ్మ మాట కూడా అబద్ధమైపోతుంది. పైగా ఆ సంతకం లేకుండా ఆమె థీసిస్ సగమే. ఊరివాడు ఒక్కడే వచ్చి తీసుకోలేదు, తీసుకోవడానికి వాడలో ఒక మనిషిని తయారు చేసుకున్నాడు. ఆ మనిషికి దక్కింది ఏమిటి? వెళ్ళి ఆయన్నే అడగమన్నాను. వెళ్ళింది. ఆయన తిట్టలేదట. "నేను సంతకం పెట్టకపోతే ఆస్పత్రికి డబ్బులు ఎవరిచ్చేవాళ్ళమ్మా?" అన్నాడట. ఆ ముక్క కూడా రాసుకుంది.

పేర్లు మాత్రం వేయొద్దన్నాను. నాయనమ్మ ఇప్పటికీ ఆ ఊళ్ళోనే, ఆ గట్ల మీదే గడ్డి కోసుకుంటుంది. యూనివర్సిటీలో డిగ్రీ వచ్చేది మనవరాలికి, ఊళ్ళో మాట పడేది ఆమె. ఊరి పేరు కూడా మార్చమన్నా. సర్వే నంబర్లు గైడ్‌కి, పరీక్షకులకి చూపిస్తే చాలు.

ఇదంతా డిగ్రీ కోసం పడే తిప్పలు అనుకునేవాళ్ళకి ఒక మాట. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం సవరించి 20 ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములకి అమ్ముకునే హక్కు ఇచ్చారు. 2024లో కొత్త ప్రభుత్వం అవకతవకలు జరిగాయని ఆ రిజిస్ట్రేషన్లు ఆపింది. హక్కు పట్టాదారు గడికి వస్తుందా, అనుభవదారు గడికి వస్తుందా అన్నది మన ఇళ్ళల్లో మాట్లాడుకోవాల్సిన సంగతి. ఆ రెండు గడుల మధ్య ఏం జరిగిందో తారీఖులతో సహా రాసిపెట్టిన కాగితం ఆ మండలంలో ఇప్పుడు ఒక్క ఈ పిల్ల దగ్గరే ఉంది.

పాత అడంగల్‌లు కావాలని తహశీల్దారు ఆఫీసుకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది, ఏ ఏడాది నుంచి గడిలో పేరు మారిందో తేలాలి కదా. జవాబుకి 30 రోజులు గడువు. ఇవాళ్టికి 19. నాయనమ్మ రోజూ అడుగుతుందట, కాగితం వచ్చిందా అని. ఏ కాగితం అనుకుంటుందో అడగమన్నాను. "నా మూడెకరాల కాగితం" అందట. చెల్లెమ్మ అది కూడా తేదీ వేసి రాసుకుంది.

జవాబు వచ్చాక మిగతాది రాస్తాను. జై భీమ్.